గొట్టానికి అంటించిన ఏడు చీటీలు

ఆ హార్డెనింగ్ షాపులో ఆయన్ని అందరూ థర్మామీటరు అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా వీధి మొదట్లో నిలబడి థర్మామీటరు గారిల్లు ఎక్కడని అడిగి వచ్చేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. కాగితాలు కోసే కత్తులు, రేకు కత్తిరించే అచ్చులు, ఉలులు, ఏ ఉక్కు సామానైనా తయారైనప్పుడు మెత్తగానే ఉంటుంది. దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, సరైన వేడి దగ్గర బయటికి తీసి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. వేడి తక్కువైతే కత్తి అంచు మడతపడుతుంది. ఎక్కువైతే గాజులా పగులుతుంది. ఆ సరైన వేడి ఎప్పుడొచ్చిందో కొలిమి తలుపు జానెడు తెరిచి, ఒక్క చూపు చూసి చెప్పడమే ఆయన పని.

పంతొమ్మిదేళ్లప్పుడు నేల ఊడవడానికి చేరాడు. నేర్పినవాళ్లెవరూ లేరు. అప్పటి మేస్త్రి కొలిమి తలుపుకి వీపు అడ్డంపెట్టి మరీ చూసేవాడు, తన విద్య ఎవరైనా ఎత్తుకుపోతారని. కుర్రవాడు చీపురు పట్టుకుని ఆ మేస్త్రి చంకకిందనుంచి తొంగిచూసి నేర్చుకున్నాడు. రంగులకి తన పేర్లు తనే పెట్టుకున్నాడు. మొదట ఎండుమిరప, తర్వాత దానిమ్మ గింజ, ఆ తర్వాత నారింజ తొన, ఆ పైన నిమ్మపండు. కత్తుల ఉక్కుకి కావలసిన వెయ్యి ఇరవై డిగ్రీలు ఆయన లెక్కలో బాగా పండిన నారింజ తొన. పెళ్లైన కొత్తలో ఇదంతా భార్యకి గొప్పగా చెప్పుకుంటే, ఆవిడ సాంతం విని, మీరు చేసేది కొలిమి పనా పళ్ల బండా అని అడిగింది.

"అప్పట్లో నా కళ్లు నెత్తిమీదుండేవి. అంత ఎత్తునుంచి కొలిమి బాగానే కనపడేది," అంటాడు ఇప్పుడు ఆయనే.

ఆయన మేస్త్రి అయిన కొన్నేళ్లకి పాత యజమాని ఒక గొట్టం కొనుక్కొచ్చాడు. కొలిమిలో అంతకుముందే వేడి చెప్పే కడ్డీ ఒకటుండేది గానీ అది గోడ పక్కన వేడి చెప్పేది, ఉక్కు వేడి కాదు. పైగా ఆరు నెలలకోసారి కాలిపోయేది. ఈ గొట్టం అలా కాదు. దూరంగా నిలబడి, ఉక్కుని ముట్టుకోకుండా, చూసి కొలవడమే. ఒక చివర కన్ను పెట్టే చోటు, లోపల ఎర్ర అద్దం, మధ్యలో చిన్న బల్బు, ఆ బల్బులో వెంట్రుకంత తీగ. గొట్టంలోంచి కొలిమిలోకి చూస్తే మండుతున్న ఉక్కు మీద ఆ తీగ నల్లగా అడ్డం కనిపిస్తుంది. పక్కనున్న బిరడా తిప్పి కరెంటు పెంచితే తీగ కూడా వెలగడం మొదలెడుతుంది. ఒకచోట ఉన్నట్టుండి మాయమైపోతుంది. మాయమైందంటే తీగ వెలుగూ ఉక్కు వెలుగూ సమానమయ్యాయని. అక్కడ ముల్లు ఏ అంకె మీదుంటే అదే ఉక్కు వేడి. ఇంకొంచెం తిప్పితే తీగ మళ్లీ తేలుతుంది, ఈసారి నల్లగా కాదు, మెరుపు గీతలా.

మొదటిరోజు షాపంతా చుట్టూ చేరింది. థర్మామీటరు ఒక్క చూపు చూసి వెయ్యి ఇరవై అన్నాడు. యజమాని గొట్టానికి కన్ను ఆనించి, బిరడా తిప్పి తిప్పి, వెయ్యి ఇరవై అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన గొట్టం వీపు తట్టి, పర్లేదు, పనికొస్తుంది అన్నాడు. పరీక్ష రాసింది గొట్టం, మార్కులేసింది తను. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు, ఆయనకి అసలే కనపడలేదు.

అప్పట్నించి అదొక పద్ధతైంది. ఏడాదికోసారి కొలిమి లోపలి ఇటుకలు మారుస్తారు. కొత్త ఇటుకలతో కొలిమి వెలిగించిన రోజు థర్మామీటరు గొట్టాన్ని తన కంటితో పోల్చి చూసేవాడు. పదకొండేళ్లు రెండూ ఒకే మాట చెప్పాయి. పన్నెండో ఏడు ఆయన కన్ను వెయ్యి ఇరవై అంటే గొట్టం వెయ్యి ముప్పై అంది.

ఆయనకి గొట్టం మీద జాలేసింది. పాపం, బల్బు ముసలిదైపోయింది అనుకున్నాడు. బల్బులు నిజంగానే ముసలివవుతాయి, అది తెలిసినవాడు కాబట్టే అంత ధీమా. కేలండరు అంచు నుంచి ఒక చీటీ చింపి, దాని మీద ఆ ఏడాది రాసి, "పది తీసెయ్యాలి" అని రాసి, గమ్ముతో ముల్లు పక్కన అంటించాడు. ఆరోజు నుంచి గొట్టం చెప్పినదాంట్లోంచి పది తీసి రిజిస్టరులో రాసేవాడు. మరుసటి ఏడు తేడా పదిహేనైంది. పాత చీటీ మీదే కొత్తది అంటించాడు. నాలుగో చీటీనాటికి తేడా ముప్పైకి చేరితే ఆయన శ్రద్ధగా బల్బే మార్చేశాడు. కొత్త బల్బు కూడా అదే ముప్పై చూపించింది. ఇంకొకడైతే అక్కడ ఆగి ఆలోచించేవాడు. ఆయన మాత్రం, ఈమధ్య వచ్చే సామాన్లేవీ పాతవాటిలా ఉండట్లేదు అని బల్బులు చేసినవాళ్లని తిట్టి, చీటీ మార్చుకున్నాడు. ఏడో చీటీ మీద అంకె అరవై.

ఉక్కు మంచిది కాబట్టి కొన్నాళ్లు ఓర్చుకుంది. ఏడో చీటీ ఏడాది ఓర్చుకోలేదు.

కాగితాలు కోసే పెద్ద ప్రెస్సువాళ్లకి పంపిన కత్తులు పగిలి వెనక్కొచ్చాయి. ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు. అప్పటికి పాత యజమాని పోయి ఆయన కూతురు షాపు చూసుకుంటోంది. చిన్నప్పుడు కొలిమి దగ్గరకి రాకుండా థర్మామీటరు ఎత్తుకుని ఆడించిన పిల్ల. ఇప్పటికీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది. పగిలిన కత్తులు బల్ల మీద పరిచి, రిజిస్టరు తీసింది.

"బాబాయ్, అన్ని బ్యాచులూ వెయ్యి ఇరవై దగ్గరే తీసినట్టుంది. అంటే కొలిమిలో తేడా లేనట్టేగా?"

"కొలిమిలో తేడా ఎందుకుంటుందమ్మా?" అన్నాడు ఆయన. అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మేస్త్రి అన్నవాడు కారణం చెప్పకుండా ఎలా ఊరుకుంటాడు? సాన పట్టేటప్పుడు నీళ్లు చాలకపోయినా కత్తి వేడెక్కి పగుళ్లిస్తుందని చెప్పాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. ఆ షాపులో సాన దగ్గర కూర్చునేది ఒక్కడే. అతను ఆయన బావమరిది, భార్యకి స్వయానా తమ్ముడు. పదహారేళ్లక్రితం ఈయనే తీసుకొచ్చి ఆ స్టూలు మీద కూర్చోబెట్టాడు.

బావమరిదిని పిలిపించారు. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. విరిగిన ముక్క ఒకటి తీసి, విరిగిన చోటు వెలుతురుకి పెట్టి తిప్పి, బావ చేతికిచ్చాడు.

"చూడు బావా, పంచదారలా లేదూ?"

సాన దగ్గర పగిలిన ఉక్కు లోపల పిండిలా సన్నగానే ఉంటుంది. కొలిమిలో ఎక్కువ కాలిన ఉక్కు మాత్రం విరిచి చూస్తే పలుకులు పలుకులుగా, పంచదారలా మెరుస్తుంది. అది ఈ పనిలో అందరికీ తెలుసు. థర్మామీటరు ముక్కని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయనకి కనిపించింది బూడిదరంగు, అంతే.

"సన్నగానే ఉందిరా," అని బల్ల మీద పెట్టేశాడు.

యజమానురాలు రిజిస్టరునీ బాబాయినీ నమ్మింది. ఆ నెలాఖరు దాకా చూసి సాన దగ్గర వేరే మనిషిని పెట్టుకుంటానంది. బావమరిది బావ మొహంలోకి ఒకసారి చూసి, తన స్టూలు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంట్లో గొడవ జరుగుతుందని ఆయన సిద్ధపడి వెళ్లాడు. మాటకి మాట ఏమనాలో దారిపొడుగునా కూడబలుక్కున్నాడు. ఆవిడ గొడవపడలేదు. కూడబలుక్కున్నదంతా వృథా అయింది. రెండ్రోజులు ఇల్లు ఆసుపత్రిలా నిశ్శబ్దంగా ఉంది. మూడోరోజు పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, నెమ్మదిగా అంది.

"మీ కన్ను తప్పు చెప్పదు, మా తమ్ముడి చెయ్యే తప్పు. సరే. మరి ఆ కాళ్లు ఒకసారి చూసుకోండి."

చూసుకున్నాడు. రెండూ నల్ల మేజోళ్లే. అదే చెప్పాడు. ఆవిడ పక్కింటావిడని పిలిచింది. పక్కింటావిడ వచ్చి, మొహమాటపడుతూ, ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం అని తీర్పు చెప్పింది. అప్పుడు భార్య ఒక్కొక్కటే బయటికి తీసింది. గోడలకి తెల్లరంగు వేయమంటే మీగడరంగు వేశావని రంగులవాడితో వీధిలో పోట్లాడారు. నీలం చీర కట్టుకుంటే ఈ ఆకుపచ్చ నీకు నప్పింది అన్నారు. అది మెచ్చుకోలు కదా అని నేను ఊరుకున్నాను. ఇక ఊరుకోను, పదండి కళ్ల ఆసుపత్రికి.

ఆసుపత్రిలో గోడ మీది అక్షరాలు చదవమంటే మూడో వరస గడగడా చదివాడు. ఆ వరసలో లేని అక్షరాలు కూడా చదివాడని తర్వాత తెలిసింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ మాట సూటి. రెండు కళ్లలోనూ శుక్లాలంది. లోపలి కటకం పసుపెక్కి పసుపెక్కి గోధుమరంగుకొచ్చిందట. ఆ రంగు అద్దంలోంచి లోకాన్ని చూస్తున్నారు, వెలుగు తగ్గి, తెల్లవన్నీ పసుపుగా, పసుపువన్నీ ఎర్రగా కనిపిస్తుంటాయి అని చెప్పింది.

"ఎన్నేళ్లనుంచి ఇలా ఉంది? ఎంత వేగంగా ముదిరిందో తెలిస్తే రెండో కన్ను ఎప్పుడు చెయ్యాలో చెప్పగలను."

"నాకేం మసక లేదమ్మా," అన్నాడు. "నేను చూపు మీద బతికేవాణ్ని."

డాక్టరమ్మ కాగితం మీద, రోగికి తెలియదు అని రాసుకుంది. ఆ వారమే కుడికన్ను ఆపరేషను చేశారు. కట్టు విప్పినరోజు ఆయన మొదట చూసింది ఆసుపత్రి గోడని. అంత తెలుపు లోకంలో ఉంటుందని మరిచిపోయాడు. రంగులవాడు ఎక్కడుంటాడో కనుక్కుని క్షమాపణ చెప్పాలనుకున్నాడు. తర్వాత భార్యవైపు తిరిగితే ఆవిడ కావాలని ఆ నీలం చీరే కట్టుకొచ్చింది.

ఆయన లేని రోజుల్లో కొలిమి ఇటుకలు మార్చారు. నెలాఖరుకి ఆరురోజులుందనగా కొలిమి వెలిగించారు. థర్మామీటరు నల్లకళ్లద్దాలు పెట్టుకుని షాపుకొచ్చాడు, ఏటా చేసే పరీక్ష ఇంకెవరు చేస్తారని. అద్దాలు తీసి, కొలిమిలో పెట్టిన ఉక్కు దిమ్మ వంక పాత అలవాటు చొప్పున చూశాడు. మొదట కొత్త కన్ను మూసుకుని, పాత ఎడమకంటితో. బాగా పండిన నారింజ తొన. గ్యాసు మీట అక్కడే ఆపించాడు. తర్వాత ఎడమకన్ను మూసి కొత్త కంటితో చూశాడు.

నిమ్మపండు.

మళ్లీ ఇటు. నారింజ. మళ్లీ అటు. నిమ్మ. ఒకే కొలిమి, ఒకే దిమ్మ, ఒకే మనిషి, రెండు వేడులు. ఆయన అలా ఒక కన్ను మార్చి ఒక కన్ను మూస్తుంటే సామాన్లు మోసే ఆయన దగ్గరికొచ్చి, ఈ వయసులో ఎవరికండీ కన్నుకొడుతున్నారు అని వాకబు చేసి వెళ్లాడు.

ఇక గొట్టం తెచ్చాడు. కొత్త కంటితో చూస్తూ బిరడా తిప్పాడు. తీగ వెయ్యి ఎనభై దగ్గర మాయమైంది. పాత కంటికి మార్చాడు. ఆ కంటికి ఉక్కు మసకగా కనిపించింది, తీగా మసకగానే కనిపించింది. నెమ్మదిగా తిప్పాడు. తీగ మాయమైంది. ముల్లు చూశాడు. వెయ్యి ఎనభై.

మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే. అప్పుడు అర్థమైంది. వట్టి కంటితో చూసినప్పుడు కన్ను ఏమంటే అదే వేడి. గొట్టంలో చూసేది రంగు కాదు, తీగనీ ఉక్కునీ పక్కపక్కన పెట్టి చూడటం. కంట్లో మసకుంటే అది రెండింటి మీదా ఒకేలా పడుతుంది. మసక రెండింటికీ సమానమే. చూసేవాడు సగం గుడ్డివాడైనా గొట్టానికి పట్టింపు లేదు. తొమ్మిదేళ్లుగా అది నిజమే చెబుతోంది, ఆయన దాని నోటిమీద చీటీలు అంటిస్తూ వచ్చాడు.

గోరుతో చీటీలు లేపాడు. పొరలు పొరలుగా ఊడొచ్చాయి. అరవై, నలభై అయిదు, ముప్పై అయిదు, ముప్పై. రెండేళ్లు మాత్రం అంకె మారలేదని కొత్త చీటీ వేయలేదు. ఇరవై, పదిహేను, పది. ప్రతిదాని మీదా ఏడాది, తన చేతిరాత. మొదటి చీటీ మీద అక్షరాలు పొందికగా ఉన్నాయి. చివరిదాని మీద ఏనుగంత ఉన్నాయి. అంత పెద్దగా ఎందుకు రాశాడో రాసినప్పుడు ఆయనకి తట్టలేదు.

చీటీలు అరచేతిలో పెట్టుకుని కొలిమి తలుపు ముందు నిలబడ్డాడు. ఆ నిమిషం గురించి అడిగితే ఆయన దాచడు. "విసిరేస్తే అయిపోయేది," అంటాడు. "చీటీలు లేని గొట్టంతో వెయ్యి ఇరవైకే తీసుంటే కత్తులు పగలడం ఆగేది. సాన మనిషి మారాక బాగుపడింది అనుకునేవాళ్లు. నాకు ఇంకో పదేళ్లు మంచి పేరు. కాగితం ఏ రంగులో కాలుతుందో కూడా లెక్కేశాను. దానిమ్మ గింజ చాలు."

తల తిప్పి చూస్తే అవతల బావమరిది కనిపించాడు. కొత్త కంటికి చాలా స్పష్టంగా కనిపించాడు. జుట్టు ఎప్పుడు నెరిసిందో ఏమో. అతను కత్తులు పట్టట్లేదు. వజ్రపు ముక్క ఉన్న కడ్డీతో సానరాయి మొహం చెక్కి సరిచేస్తున్నాడు. గుండ్రం ఎక్కడైనా తప్పిందేమోనని వేలితో తాకి చూసి, మళ్లీ చెక్కుతున్నాడు. తర్వాత వచ్చేవాడికి రాయి వంకరగా ఉండకూడదని. ఆరురోజుల్లో వెళ్లిపోయే మనిషి, తనదేమీ కాని రాయిని.

థర్మామీటరు చీటీలు జేబులో వేసుకుని, బావమరిదిని భుజం పట్టి లేపి, యజమానురాలి గదికి తీసుకెళ్లాడు. చీటీలు బల్ల మీద వరసగా పేర్చాడు.

"అమ్మా, తప్పు సానలో లేదు. గొట్టంలో లేదు. ఇదిగో, ఇక్కడుంది," అని తన కన్ను చూపించాడు.

ఆవిడ చీటీలు చూసి, రిజిస్టరు చూసి అడిగింది. "అంటే బాబాయ్, ఇందులో రాసిన వెయ్యి ఇరవైలన్నీ..."

"ఈ ఏడాదివన్నీ వెయ్యి ఎనభైలు. అంతకుముందువి చీటీని బట్టి కలుపుకో."

బావమరిది గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"నేను పంచదార అన్నానా లేదా బావా?"

"అన్నావు."

"నువ్వు సన్నగా ఉందన్నావు."

"నాకు అలాగే కనిపించిందిరా."

"అలా కనిపించలేదు. ఏమీ కనిపించలేదు. కనిపించట్లేదని చెప్పాల్సింది."

ఆయన ఈ కథ చెప్పేటప్పుడు అన్నిచోట్లా నవ్విస్తాడు గానీ ఇక్కడ నవ్వించడు.

యజమానురాలు కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. తండ్రి పోలిక, పని చూసి మాట్లాడే మనిషి. చీటీలు లేని గొట్టంతో ఒక బ్యాచు తీయండి, సాన మాత్రం ఇతనే పట్టాలి, అప్పుడు చూద్దాం అంది. మర్నాడు తీశారు. తీగ వెయ్యి ఇరవై దగ్గర మాయమైనప్పుడు థర్మామీటరు పాత కంటితో చూస్తే ఉక్కు ఇంకా చల్లగా, దానిమ్మ గింజలానే ఉంది. ఇంకొంచెం కాలనిద్దాం అని నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కొరుక్కున్నాడు. కత్తులతోపాటు కాల్చిన చిన్న ముక్కని బావమరిది సుత్తితో విరిచి ఇచ్చాడు. ఈసారి కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. పట్టుగుడ్డలా సన్నగా, మెత్తటి బూడిదరంగు.

"ఎలా ఉంది?"

"నువ్వే చెప్పరా. నువ్వు చెప్పాక నేను చెప్తాను."

నెలాఖరు రోజున ప్రెస్సునుంచి కబురొచ్చింది, ఒక్క కత్తీ పగల్లేదని. యజమానురాలు సాన దగ్గరికి వెళ్లి బావమరిదితో రెండు మాటలు మాట్లాడింది. ఏం మాట్లాడిందో అతను చెప్పలేదు. స్టూలు మాత్రం అక్కడే ఉంది, అతనూ దాని మీదే ఉన్నాడు.

ఆ సాయంత్రం అతను గమ్ముసీసా పట్టుకుని బావ ఇంటికొచ్చాడు. నెలరోజుల్లో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. బల్ల మీదున్న బావ కళ్లద్దాలు తీసుకుని, కేలండరు అంచు చింపి, ఏడాది రాసి, ఏదో రాసి, ఎడమ అద్దానికి లోపలివైపు అంటించి, బావ ముక్కుకి తగిలించాడు. అక్క వచ్చి వంగి చదివింది. "అరవై కలపాలి." నెలరోజుల తర్వాత ఆ ఇంట్లో ఆవిడ నవ్వు వినపడింది, ఆగకుండా.

"ఈ ఏటి పరీక్ష అయిపోయింది బావా," అన్నాడతను. "రెండో కన్ను చేయించుకునేదాకా తీయకు."

ఆయన తీయలేదు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లినప్పుడూ అలాగే వెళ్లాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు అందుకుని, వెనక్కి తిప్పి చూసి, ఇదేంటండీ అంది. థర్మామీటరు చొక్కా జేబులోంచి ఏడు చీటీలు తీసి, ఏడాది వరసన ఆవిడ ముందు పెట్టాడు.

"ఎన్నేళ్లనుంచి అని అడిగారుగా. అప్పుడు తెలియదన్నాను. అంతా రాసే పెట్టుకున్నానమ్మా, వేరేవాళ్ల పేరుమీద."

డాక్టరమ్మ చీటీలు ఒక్కొక్కటీ చదివింది. పాత కాగితం తీసి, రోగికి తెలియదు అన్నచోట అడ్డంగా గీతకొట్టి, పైనుంచి అంకెలు ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.